చెవిరాయి

బుధవారాలు సున్నివ తలలు తెస్తుంది.
పదకొండేళ్ల పిల్ల. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు,
స్లెడ్జి మీద తాడేసి కట్టిన నీలం డబ్బా,
మంచులో వెనకే ఈడ్చుకొచ్చిన గీత.

కాడ్ చేప నాలుక దానిది.
మేకుకి తల గుచ్చి, ఒక్క కోత.
కిలోకి ఇంతని హోటలువాళ్లిస్తారు,
సైకిలుకి కూడబెడుతోంది.
చెవి నాది.
మిగతా తలని తాడుకెక్కించి గాలికి ఆరబెడితే
ఓడెక్కి పోతుంది,
నైజీరియాలో ఎవరింటి పులుసులోనో మళ్లీ తడుస్తుంది.

కపాలం వెనక కత్తి ఆనించి నొక్కితే
పెట్టె మూతలా తెరుచుకుంటుంది.
లోపల రెండు తెల్లరాళ్లు, చిక్కుడు గింజంత.
వాటితోనే చేప వింటుందట,
పైదేదో కిందదేదో తెలుసుకుంటుందట.
బొటనవేళ్ల మధ్య పెట్టి విరుస్తాను.
టక్.
పద్నాలుగేళ్లయినా ఆ చప్పుడు అలవాటు కాలేదు.

అంతకుముందు ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీలో చేపలు కోశాను.
నిమిషానికి ఎన్ని అని అడిగేవారు.
ఇప్పుడు ఒక్కోదానికి ఎన్నేళ్లని అడుగుతారు.
కత్తి మాత్రం అదే,
మూసేసిన రోజు ఎవరూ తిరిగివ్వమనలేదు.

మైక్రోస్కోపు కింద
వేసవి వెడల్పు, చలికాలం సన్నం,
మళ్లీ వేసవి.
నడిమి రెండు వలయాలు చూస్తే చాలు,
ఇది ఫ్యోర్డు గడప దాటనిదో
బేరెంట్సు అంతా తిరిగొచ్చినదో చెప్పేస్తాను.
మనుషులకీ అలాంటి రాయుంటే
మా వీధిలో సగం ఇళ్లకి తాళాలెందుకో
ఒక పట్టికలో రాసి పంపేద్దును.

ట్రోమ్సో నుంచి ఎస్కిల్ ఫోను:
"నాకు తొమ్మిది వచ్చింది, మీకు పది.
అంచున ఉన్నది వలయమేనంటారా?"
"అక్కడ కిటికీలోంచి చూస్తే ఏముంది?"
"మంచు."
"అయితే లెక్కపెట్టు" అన్నాను.

ఇలాంటి తొమ్మిదులూ పదులూ వేలల్లో కలిపి
వచ్చే ఏడు హాగ్బార్ట్ ఎన్ని టన్నులు పట్టొచ్చో తేలుస్తారు.
హాగ్బార్ట్ నన్ను రేవులో చూస్తే టోపీ తీస్తాడు,
డాక్టరుకి తీసినట్టు,
ఇష్టం లేకుండా.

నేలమాళిగలో పాత కవర్లున్నాయి.
పడవ పేరు, తేదీ, పొడవు, ఎవరిదో పెన్సిలు రాత.
ఒక చలికాలం పెట్టెలో మొదటి కవరు మీద
కడుపు: ఖాళీ.
రెండోదాని మీద, కడుపు: ఖాళీ.
మూడోదాని నుంచి, పైలాగే.
నలభై ఆరు కవర్ల మీద పైలాగే.
ఆ ఏడు కాపెలిన్ చేప రాలేదు.
సీళ్లు ఆకలికి వచ్చి వలల్లో పడ్డాయి.
రాళ్లలో ఆ ఏటి ఎదుగుదల
వెంట్రుక వెడల్పు కూడా లేదు.

తూరిద్ పెద్దమ్మని అడిగాను.
చక్కెర వెయ్యని కాఫీని చాలాసేపు కలిపింది.
"కొట్లో సార్డీను డబ్బాలు కొన్నాం. పోర్చుగల్‌వి.
కిటికీ తెరలు దించుకుని తిన్నాం.
ఖాళీ డబ్బాలు రేవులో పారెయ్యనివ్వలేదు మీ పెదనాన్న,
సముద్రం చూస్తుందన్నాడు.
పాతుదామంటే నేల గడ్డకట్టుకుపోయింది.
మే నెలదాకా పొయ్యి వెనకే పేర్చి ఉంచాడు."

దానికి నా పట్టికలో గడి లేదు.
కవరు మీద, పైలాగేకి పక్కన,
పెన్సిలుతోనే రాశాను:
తెరలు దించారు.

ఇవాళ సున్నివ తొడుగులు విప్పకుండానే
ఒక అర రాయి తీసి
తన చెవికి ఆనించుకుంది.
కళ్లు మూసుకుంది.
నేను చేస్తున్న పని ఆపాను.
"ఏమైనా వినిపించిందా?"
"ఆ" అంది, "నీ రేడియో.
రేపు వాయవ్యం గాలట.
తలలు రావు."